జావాస్క్రిప్ట్‌లో టైపు మారేటప్పుడు లోపల ఎవరు ఎవరిని పిలుస్తారు

ఫారంలో ధర పెట్టెలో 100, పన్ను పెట్టెలో 18 కొట్టారనుకుందాం. రెండూ కూడితే తెర మీద 10018 వస్తుంది. అవే రెండింటిని గుణిస్తే 1800, తీసివేస్తే 82. ఆ రెండూ సరిగ్గానే ఉంటాయి. ఇలాంటివి నాలుగు చూశాక జావాస్క్రిప్ట్‌కి ఒక పద్ధతీ పాడూ లేదని తీర్మానించేవాళ్లు ఎక్కువ. పద్ధతి ఉంది, అదీ అడుగు అడుగునా రాసిపెట్టి ఉంది. వచ్చిన చిక్కేమిటంటే చాలామంది దాన్ని "ఏ టైపు ఏ టైపుగా మారుతుంది" అనే పట్టికలా బట్టీ పడతారు. పట్టిక గుర్తుండదు. గుర్తు పెట్టుకోవాల్సింది వేరే: ఏ ఆపరేటర్ లోపల ఏ ఆపరేషన్‌ని పిలుస్తుంది, పిలిచేటప్పుడు ఏ సూచన ఇస్తుంది. ఇది తెలిస్తే పట్టిక దానంతటదే వస్తుంది.

ఈ రాతకోతలన్నీ ఎక్మా-262 అనే ప్రామాణిక పత్రంలో (దీన్నే స్పెక్ అంటారు) ఉన్నాయి. దాని మొదటి కూర్పు 1997 జూన్‌లో వచ్చింది. టీసీ39 అనే కమిటీ దాన్ని నడిపిస్తోంది. అందులో 7వ అధ్యాయం పూర్తిగా ఆబ్‌స్ట్రాక్ట్ ఆపరేషన్లదే. 7.1లో టైపు మార్పిడి, 7.2లో పరీక్షలు, పోలికలు. ఆబ్‌స్ట్రాక్ట్ ఆపరేషన్ అంటే మనం పిలవగలిగే ఫంక్షన్ కాదు. కోడ్‌లో టునంబర్ లాంటి ఆపరేషన్ పేరు రాసి పిలిస్తే అలాంటి పేరే లేదని ఎర్రర్ వస్తుంది. ఒకే వరస అడుగుల్ని వంద చోట్ల తిరగరాయకుండా ఒకచోట రాసి, కావలసిన ప్రతిచోటా పేరుతో ప్రస్తావించడానికి స్పెక్ రాసేవాళ్లు పెట్టుకున్న ఏర్పాటు అది. క్రోమ్‌లో వీ8, ఫైర్‌ఫాక్స్‌లో స్పైడర్‌మంకీ అనే జావాస్క్రిప్ట్ ఇంజిన్లు ఆ అడుగుల్ని లోపల తమకు తోచిన తీరులో, వేగం కోసం దారులు మార్చి అమలు చేసుకోవచ్చు. బయటికి కనిపించే ఫలితం మాత్రం ఒక్కటే ఉండాలి.

స్పెక్ తెరిస్తే ఆపరేషన్ పేరు ముందు ఒక ప్రశ్నార్థకమో, ఒక ఆశ్చర్యార్థకమో కనిపిస్తుంది. ఈ రెండు గుర్తుల అర్థం తెలియకపోతే చదువు ముందుకు సాగదు. ప్రశ్నార్థకం ఉంటే "ఇక్కడ ఎర్రర్ రావచ్చు, వస్తే ఈ పని అక్కడే ఆపి ఆ ఎర్రర్‌ని పైకి పంపు" అని. ఆశ్చర్యార్థకం అంటే "ఇక్కడ ఎర్రర్ రాదని మాకు తెలుసు" అని. భాషలోని నాట్ గుర్తుకీ దీనికీ సంబంధం లేదు. ఏ అడుగులో టైప్‌ఎర్రర్ రావచ్చో వెతకాలంటే ప్రశ్నార్థకాలు ఎక్కడున్నాయో చూస్తే చాలు.

విలువలకు 8 టైపులు: అన్‌డిఫైన్డ్, నల్, బూలియన్, స్ట్రింగ్, సింబల్, నంబర్, బిగ్‌ఇంట్, ఆబ్జెక్ట్. మొదటి ఏడింటిని ప్రిమిటివ్‌లంటారు. అర్రే, ఫంక్షన్, డేట్ అన్నీ ఆబ్జెక్ట్ కిందికే వస్తాయి. సింబల్ (మరి దేనితోనూ కలవని విడి గుర్తు) 2015లో, బిగ్‌ఇంట్ (చాలా పెద్ద పూర్ణాంకాల టైపు) 2020లో చేరాయి. ఆలస్యంగా వచ్చాయి కాబట్టి ఆ రెండింటి విషయంలో కమిటీ పాత ఉదారత చూపలేదు. వాటిని చాటుగా నంబర్‌గా మార్చబోతే టైప్‌ఎర్రరే. నా లెక్కలో ఇది పాత నిర్ణయాల మీద కమిటీ తనే ఇచ్చుకున్న తీర్పు.

అన్నిటికీ మూలం: టుప్రిమిటివ్

ఆబ్జెక్ట్‌తో లెక్క చేయలేం, స్ట్రింగ్‌తో అతకలేం. ముందు దాన్ని ఒక ప్రిమిటివ్‌గా దించాలి. ఆ పని టుప్రిమిటివ్‌ది. దానికి రెండు అందుతాయి: విలువ, ఒక సూచన. సూచన మూడు రకాలు: "స్ట్రింగ్", "నంబర్", "డిఫాల్ట్". వచ్చింది ముందే ప్రిమిటివ్ అయితే ఏమీ చేయకుండా తిరిగి ఇచ్చేస్తుంది. ఆబ్జెక్ట్ అయితే మొదట దానిలో సింబల్.టుప్రిమిటివ్ అనే మెథడ్ ఉందా అని చూస్తుంది. ఉంటే సూచనను చేతికిచ్చి దాన్నే పిలుస్తుంది. ఆ మెథడ్ మళ్లీ ఆబ్జెక్ట్‌నే తిరిగిస్తే రెండో అవకాశం లేదు, వెంటనే టైప్‌ఎర్రర్. ఆ మెథడ్ లేకపోతే డిఫాల్ట్‌ని కూడా నంబర్‌గానే లెక్కేసి, ఆర్డినరీటుప్రిమిటివ్ అనే మరో ఆపరేషన్‌కి అప్పజెబుతుంది.

ఆర్డినరీటుప్రిమిటివ్ చేసేది చిన్న పనే. సూచన నంబర్ అయితే ముందు వాల్యూఆఫ్, తర్వాత టుస్ట్రింగ్ మెథడ్. సూచన స్ట్రింగ్ అయితే ముందు టుస్ట్రింగ్, తర్వాత వాల్యూఆఫ్. ఈ వరసలో ఒక్కొక్కటీ పిలవదగిన ఫంక్షనేనా అని చూసి, అయితే పిలిచి, ప్రిమిటివ్ వచ్చిన చోట ఆగిపోతుంది. రెండూ అయిపోయినా ప్రిమిటివ్ దొరక్కపోతే టైప్‌ఎర్రర్.

మామూలు ఆబ్జెక్ట్‌కీ, అర్రేకీ వాల్యూఆఫ్ మెథడ్ పిలిస్తే అదే ఆబ్జెక్ట్ తిరిగి వస్తుంది. అది ప్రిమిటివ్ కాదు కాబట్టి నంబర్ కావాలని అడిగినా చివరికి టుస్ట్రింగ్ మెథడ్ దగ్గరికే చేరతాం. అర్రే టుస్ట్రింగ్ అంటే లోపలివాటిని కామాలతో కలపడం: [1, 2] అయితే "1,2", [7] అయితే "7", [] అయితే "". లోపల నల్ గానీ అన్‌డిఫైన్డ్ గానీ ఉంటే ఆ చోటు ఖాళీగా వదిలేస్తుంది. మామూలు ఆబ్జెక్ట్‌దైతే అందరూ ఎప్పుడో ఒకప్పుడు వెబ్‌పేజీలో చూసి తల పట్టుకున్న "[ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్]".

మూడు సూచనల్లో ఏది ఎవరు ఇస్తారు? టెంప్లేట్ స్ట్రింగ్ (మధ్యలో విలువలు పొదిగే స్ట్రింగ్), ఆబ్జెక్ట్ ప్రాపర్టీ పేరు, ఈ రెండూ "స్ట్రింగ్" అని అడుగుతాయి. తీసివేత, గుణకారం, భాగహారం, విలువ ముందు పెట్టే ఒంటి ప్లస్, చిన్నా పెద్దా పోలికలు "నంబర్" అని అడుగుతాయి. రెండు విలువల మధ్య ప్లస్, రెండు గీతల సమానత్వం (==) మాత్రం ఏమీ చెప్పవు, అంటే "డిఫాల్ట్". ఈ తేడా అన్నిటికన్నా స్పష్టంగా కనపడేది డేట్ దగ్గర. భాషలో ముందే ఉన్న ఆబ్జెక్ట్‌లలో సొంత సింబల్.టుప్రిమిటివ్ ఉన్నవి సింబల్, డేట్ రెండే; డేట్ ఆ డిఫాల్ట్‌ని స్ట్రింగ్‌గా తీసుకుంటుంది. అందుకే ఒక డేట్‌కి 1 కలిపితే పొడవాటి తేదీ వాక్యం చివర 1 అతుక్కుంటుంది. అదే డేట్ నుంచి 1 తీసేస్తే మిల్లీసెకన్ల సంఖ్య వస్తుంది.

స్ట్రింగ్ చేయడానికి చివర ఖాళీ స్ట్రింగ్ కలిపినా, టెంప్లేట్ స్ట్రింగ్‌లో పెట్టినా ఒకటేనని అనుకుంటారు. ప్రిమిటివ్‌ల విషయంలో ఒకటే, ఆబ్జెక్ట్‌ల విషయంలో కాదు. ఒక ఆబ్జెక్ట్‌లో వాల్యూఆఫ్ 42ని, టుస్ట్రింగ్ "నలభై రెండు" అనే మాటని ఇస్తుంటే, ఖాళీ స్ట్రింగ్ కలిపితే "42", టెంప్లేట్‌లో పెడితే "నలభై రెండు". మొదటి దారి డిఫాల్ట్ సూచనతో వాల్యూఆఫ్ మీదుగా వెళ్లింది. రెండోది నేరుగా టుస్ట్రింగ్ దగ్గరికి వెళ్లింది.

ఇక్కడ సర్వర్లని పడగొట్టే చిన్న కంత ఒకటి ఉంది. బయటినుంచి జేసన్ అనే టెక్స్ట్ రూపంలో వచ్చిన డేటాలో ఎవరైనా టుస్ట్రింగ్ అనే కీ పెట్టి దానికి 1 అనే విలువ ఇచ్చారనుకోండి. దాన్ని పార్స్ చేయడంలో ఏ ఇబ్బందీ లేదు. తర్వాత లాగ్‌లో రాయడానికి టెంప్లేట్ స్ట్రింగ్‌లో పెట్టగానే: టుస్ట్రింగ్ ఉంది కానీ ఫంక్షన్ కాదు, దాటెయ్, వాల్యూఆఫ్ ఉంది, పిలిస్తే ఆబ్జెక్టే వచ్చింది, దాటెయ్, ఇక మిగల్లేదు, టైప్‌ఎర్రర్. లాగ్ రాసే లైను చుట్టూ ఎర్రర్ పట్టుకునే ఏర్పాటు ఎవరూ చేయరు. ప్రోటోటైప్ (మెథడ్లు అరువిచ్చే మాతృక ఆబ్జెక్ట్) లేకుండా నల్‌తో సృష్టించిన ఆబ్జెక్ట్‌కీ ఇదే గతి, దానిలో ఆ మెథడ్లు అసలే ఉండవు కాబట్టి. లాగింగ్‌కి ఆబ్జెక్ట్‌ని జేసన్.స్ట్రింగిఫై గుండా పంపితే ఈ గొడవ ఉండదు, అది టుప్రిమిటివ్ జోలికి పోదు.

ప్లస్ ఎందుకు వేరే దారి

తీసివేత తన రెండు వైపుల్నీ టున్యూమరిక్ అనే ఆపరేషన్‌కి పంపుతుంది. దాని నుంచి వచ్చేది నంబర్ గానీ బిగ్‌ఇంట్ గానీ. ప్లస్ అలా కాదు. ముందు రెండు వైపుల్నీ డిఫాల్ట్ సూచనతో టుప్రిమిటివ్‌కి పంపుతుంది. వచ్చిన రెండింటిలో ఒక్కటి స్ట్రింగ్ అయినా రెండో దాన్నీ స్ట్రింగ్ చేసి అతుకుతుంది. ఏదీ స్ట్రింగ్ కాకపోతేనే టున్యూమరిక్. ఫారం పెట్టెలోంచి వచ్చే విలువ ఎప్పుడూ స్ట్రింగే. కాబట్టి "100" + "18" అంటే "10018". గుణకారం, తీసివేత మొదట్లో సరిగ్గా వచ్చింది మన కోడ్ బాగుండి కాదు, ఆ ఆపరేటర్లకి స్ట్రింగ్ దారే లేక.

ఎడమ నుంచి కుడికి వెళ్లడం వల్ల ఇంకో తమాషా: 1 + 2 + "3" అంటే "33", "1" + 2 + 3 అంటే "123". మొదటి స్ట్రింగ్ తగిలేదాకా కూడిక, తగిలాక అతుకు. [] + [] అంటే రెండు ఖాళీ స్ట్రింగ్‌ల అతుకు, అంటే "". ఇక వాక్యం మొదట్లో {} + [] రాస్తే 0 రావడానికీ ఈ నియమాలకీ సంబంధం లేదు. అక్కడ {} ఆబ్జెక్ట్ కాదు, ఖాళీ బ్లాక్; మిగిలింది ఒంటి ప్లస్‌తో అర్రే. హాస్యానికి చెప్పుకునే ఉదాహరణల్లో సగం ఇలా పార్సర్ చేసిన పనిని టైపు మార్పిడి నెత్తిన వేసినవే.

బిగ్‌ఇంట్‌కీ నంబర్‌కీ మధ్య ప్లస్ పెడితే టైప్‌ఎర్రర్. ఎటు మార్చినా ఏదో ఒకటి పోతుంది: నంబర్ అయితే పెద్ద అంకెల్లో ఖచ్చితత్వం, బిగ్‌ఇంట్ అయితే దశాంశాలు. అందుకని ఏదీ ఎంచుకోకుండా ఆపేస్తుంది.

టునంబర్: లక్ష రూపాయలు ఒక రూపాయి అయ్యే చోటు

టునంబర్‌లో చాలా భాగం ఒక్క ఊపిరిలో చెప్పేయొచ్చు. అన్‌డిఫైన్డ్ అయితే నాన్ (NaN, అంటే "సంఖ్య కాదు" అని చెప్పే విలువ), నల్ అయితే 0, ట్రూ 1, ఫాల్స్ 0, సింబల్ గానీ బిగ్‌ఇంట్ గానీ అయితే టైప్‌ఎర్రర్, ఆబ్జెక్ట్ అయితే నంబర్ సూచనతో టుప్రిమిటివ్ చేసి మళ్లీ మొదటికి. నల్ 0 కావడం, అన్‌డిఫైన్డ్ నాన్ కావడం గమనించాలి. డేటాబేస్ నుంచి నల్‌గా వచ్చిన ధర బిల్లులో సున్నాగా కలిసిపోయి ఎవరి కంటా పడదు. జేసన్‌లో ఆ కీ అసలు లేకుండా వస్తే మొత్తం నాన్ అయి వెంటనే దొరికిపోతుంది.

స్ట్రింగ్ దగ్గర ఆగి చూడాలి. ముందు రెండు చివర్లా ఖాళీలు తీసేస్తారు. మిగిలింది ఏమీ లేకపోతే 0. తర్వాత మిగిలిన మొత్తం, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఒక సంఖ్య వ్యాకరణానికి సరిపోవాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా మొత్తం నాన్. "1e3" రాతను 1000గా ఒప్పుకుంటుంది. ఒప్పుకోని వాటిలో మనకి రోజూ తగిలేది కామా. "1,00,000" అని కొడితే టునంబర్ నాన్ ఇస్తుంది. నాన్ చూసి విసిగిన ప్రోగ్రామర్ పార్స్‌ఫ్లోట్‌కి మారతాడు. అది మొదట్లో సంఖ్యలా ఉన్నంత మేరే చదివి మిగిలింది వదిలేస్తుంది కాబట్టి 1 ఇస్తుంది. లక్ష కాస్తా ఒక రూపాయి అయింది, ఏ ఎర్రరూ లేదు. టునంబర్ మొండితనమే ఇక్కడ మనకి మేలు.

తెలుగు అంకెలదీ ఇదే కథ. వ్యాకరణం ఒప్పుకునేది 0 నుంచి 9 దాకా ఉన్న సాధారణ అంకెల్నే. "౧౨౩" అయితే నాన్. తెలుగు అంకెలతో చూపించమని ఇంటిల్.నంబర్‌ఫార్మాట్‌ని అడగొచ్చు, అది చూపిస్తుంది. కానీ ఆ చూపిన రాతని తిరిగి సంఖ్యగా చదివే దారి భాషలో లేదు. మనమే మార్చుకోవాలి: తెలుగు సున్నా యూనికోడ్ విలువ 3174, తొమ్మిది 3183. అక్షరం విలువ ఆ మధ్యలో ఉంటే 3174 తీసేస్తే అంకె వస్తుంది.

ఖాళీలు తీసేయడంలోనూ ఒక మెలిక ఉంది. స్పేస్, ట్యాబ్, కొత్త లైను, నో-బ్రేక్ స్పేస్, ఫైలు మొదట్లో వచ్చే బైట్ ఆర్డర్ మార్క్, ఇవన్నీ ఖాళీలే. కానీ తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత అక్షరం కలవకుండా పెట్టే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఖాళీ కింద లెక్క కాదు. జీరో విడ్త్ స్పేస్ కూడా కాదు. తెలుగు వాక్యంలోంచి అంకె కాపీ చేసి పెట్టెలో అతికించినప్పుడు కంటికి కనపడని ఆ అక్షరం వెంట వస్తే, చూడ్డానికి 500లా ఉన్నది నాన్ అవుతుంది. స్ట్రింగ్ లెంగ్త్ చూస్తే 3కి బదులు 4 ఉంటుంది, అదొక్కటే ఆనవాలు.

ఫారం తనిఖీకి చాలాచోట్ల గ్లోబల్ ఈజ్‌నాన్ వాడతారు. అది లోపల టునంబర్ పిలిచి ఫలితం నాన్ అవునా కాదా చూస్తుంది. ఖాళీ స్ట్రింగ్‌కి టునంబర్ 0 ఇస్తుంది కాబట్టి, ఏమీ నింపని పెట్టె తనిఖీ దాటిపోతుంది. నంబర్.ఈజ్‌నాన్ ఏ మార్పిడీ చేయదు. కాబట్టి "రమ" అనే స్ట్రింగ్ ఇస్తే ఫాల్స్ అంటుంది, ఎందుకంటే అది స్ట్రింగ్, నాన్ అనే విలువ కాదు. రెండూ ఈ పనికి సరిపోవు. సరిపడేది ఇంతే: చివరి ఖాళీలు, కామాలు, రూపాయి గుర్తు, కనపడని అక్షరాలు తీసెయ్, తెలుగు అంకెలుంటే మార్చు, మిగిలింది ఖాళీ అయితే అక్కడే ఆపు, నంబర్ ఫంక్షన్‌కి ఇచ్చి నంబర్.ఈజ్‌ఫైనైట్‌తో చూడు. ఇది విలువ లోపలికి వచ్చే చోట ఒక్కసారే జరగాలి. ఆ తర్వాత కోడ్‌లో ఎక్కడా స్ట్రింగ్ అంకెలు తిరగకూడదు.

అన్నీ సంఖ్యలుగా మార్చాలనీ కాదు. హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ "040"ని టునంబర్ 40 చేస్తుంది, ముందు సున్నా పోతుంది. అదే ప్రోగ్రాంలో కొటేషన్లు లేకుండా 040 అని రాస్తే ఇంకా ఘోరం. పాత పద్ధతిలో అది ఎనిమిది మూలంగా చదివి 32 అవుతుంది, కఠిన నియమాల స్ట్రిక్ట్ మోడ్‌లో సింటాక్స్ ఎర్రర్. పొడవాటి ఖాతా నంబర్లకి ఇంకో ప్రమాదం: నంబర్ టైపు నమ్మకంగా మోయగలిగేది 9007199254740991 వరకే. "9007199254740993" అనే స్ట్రింగ్‌కి టునంబర్ చేస్తే 9007199254740992 వస్తుంది. కూడికలు, తీసివేతలు చేయని అంకెలు స్ట్రింగ్‌గానే ఉండాలి.

రెండు గీతల సమానత్వం

దీని లోపలి పేరు ఈజ్‌లూజ్లీఈక్వల్. రెండు వైపులా ఒకే టైపు అయితే మూడు గీతల సమానత్వమే (===), మార్పిడి లేదు. నల్, అన్‌డిఫైన్డ్ ఒకదానికొకటి సమానం. నంబర్, స్ట్రింగ్ ఎదురైతే స్ట్రింగ్‌కి టునంబర్. బిగ్‌ఇంట్, స్ట్రింగ్ ఎదురైతే స్ట్రింగ్‌ని బిగ్‌ఇంట్‌గా చదివి చూస్తుంది. ఏ వైపు బూలియన్ ఉన్నా ఆ బూలియన్‌కి టునంబర్ చేసి మళ్లీ మొదటి నుంచి. ఒకవైపు ఆబ్జెక్ట్, ఇంకోవైపు స్ట్రింగ్, నంబర్, బిగ్‌ఇంట్, సింబల్‌లలో ఏదైనా ఉంటే ఆబ్జెక్ట్‌కి టుప్రిమిటివ్ చేసి మళ్లీ మొదటి నుంచి. బిగ్‌ఇంట్, నంబర్ ఎదురైతే మార్చకుండా గణిత విలువలనే పోలుస్తుంది. ఇవేవీ వర్తించకపోతే ఫాల్స్.

ఈ వరసతో పేరుమోసిన ఉదాహరణని ఒక్కో మెట్టూ దిగి చూద్దాం:

[] == ![]
[] == ఫాల్స్ (నాట్ ముందు జరుగుతుంది; ఏ ఆబ్జెక్ట్ అయినా టుబూలియన్‌కి ట్రూ, దాని వ్యతిరేకం ఫాల్స్)
[] == 0 (బూలియన్ ఉంది, దానికి టునంబర్)
"" == 0 (ఆబ్జెక్ట్, నంబర్ ఎదురయ్యాయి; టుప్రిమిటివ్‌లో వాల్యూఆఫ్ అర్రేనే ఇచ్చింది, టుస్ట్రింగ్ "" ఇచ్చింది)
0 == 0 (స్ట్రింగ్‌కి టునంబర్)
ట్రూ

ఒక్క అడుగూ వింతగా లేదు. అడుగుల గొలుసు పొడవే వింత. ఇందులో నేను తప్పుపట్టేది బూలియన్ నియమాన్ని. ఎదురుగా బూలియన్ కనపడితే "ఇది నిజంగా ఉన్నదా" అని రెండో వైపు టుబూలియన్ చేస్తుందని మనిషి అనుకుంటాడు. స్పెక్ అలా చేయదు, బూలియన్‌నే అంకె చేస్తుంది. అందుకే "0" == ఫాల్స్ నిజమవుతుంది, కానీ ఇఫ్‌లో "0" పెడితే లోపలి కోడ్ నడుస్తుంది. టుబూలియన్ ఈ గొలుసుతో సంబంధం లేని విడి ఆపరేషన్. దానికి అబద్ధమయ్యేవి అన్‌డిఫైన్డ్, నల్, ఫాల్స్, సున్నా రెండు గుర్తులతోనూ, బిగ్‌ఇంట్ సున్నా, నాన్, ఖాళీ స్ట్రింగ్. మిగిలినవన్నీ నిజం. ఆబ్జెక్ట్‌కి అది టుప్రిమిటివ్ పిలవనే పిలవదు. బ్రౌజర్లలోని డాక్యుమెంట్.ఆల్ ఒక్కటే దీనికి మినహాయింపు. పాత సైట్లు విరిగిపోకుండా స్పెక్ అనుబంధంలో దానికంటూ ప్రత్యేకంగా ఒక లోపలి గుర్తు పెట్టాల్సి వచ్చింది.

నల్‌తో పోలిక ఇంకా తికమక. నల్ == 0 అబద్ధం, నల్ > 0 అబద్ధం, నల్ >= 0 నిజం. సమానత్వంలో నల్‌ని అంకె చేసే నియమం లేదు, పైన చూసిన వరసలో కింది దాకా జారి ఫాల్స్ అవుతుంది. పెద్దా చిన్నా పోలిక వేరే ఆపరేషన్, ఈజ్‌లెస్‌దాన్. అది రెండు వైపులా అంకె చేస్తుంది, నల్ 0 అవుతుంది. పైగా >= అనేది "పెద్ద లేదా సమానం" అని రెండు ప్రశ్నలుగా అడగదు. "ఎడమది చిన్నదా" అని ఒక్క ప్రశ్న అడిగి జవాబు తిరగేస్తుంది. 0 కంటే 0 చిన్నది కాదు, కాబట్టి నిజం. నాన్ తగిలితే ఈజ్‌లెస్‌దాన్ ట్రూ, ఫాల్స్ కాకుండా అన్‌డిఫైన్డ్ ఇస్తుంది. దాన్ని నాలుగు ఆపరేటర్లూ ఫాల్స్‌గానే తీసుకుంటాయి.

ఇదే కారణంగా ఒకే క్షణాన్ని చూపే రెండు వేర్వేరు డేట్ ఆబ్జెక్ట్‌లకి >= నిజం, <= నిజం, == మాత్రం అబద్ధం. పోలికలు మిల్లీసెకన్లకి దించి చూశాయి. సమానత్వం రెండు వైపులా ఒకే టైపు అని మార్పిడి ఆపి, రెండూ ఒకే ఆబ్జెక్టా అని అడిగింది. తేదీలు సమానమా అని చూడాలంటే గెట్‌టైమ్ విలువలు పోల్చాలి.

ఈజ్‌లెస్‌దాన్‌లో ప్లస్‌ని పోలిన ఒక పేచీ ఉంది: టుప్రిమిటివ్ తర్వాత రెండూ స్ట్రింగ్‌లైతే అంకె చేయదు, అక్షరం అక్షరం పోలుస్తుంది. "9" > "10" నిజం. దీన్ని పట్టుకోవడం కష్టం. మొదట కోడ్‌లో గరిష్ఠ పరిమాణం 10 అని నంబర్‌గా రాసి పరీక్షిస్తారు, పెట్టెలోంచి వచ్చిన "9" అంకెగా మారి బాగా పనిచేస్తుంది. ఆర్నెల్లకి ఎవరో ఆ 10ని హెచ్‌టీఎంఎల్ డేటా అట్రిబ్యూట్‌లోకి మారుస్తారు. ఇప్పుడు రెండూ స్ట్రింగ్‌లు; పోలిక రాసిన లైనులో ఒక్క అక్షరం మారలేదు, ఫలితం మారింది. సార్ట్ మెథడ్ కూడా అంతే, పోల్చే ఫంక్షన్ ఇవ్వకపోతే అన్నిటినీ స్ట్రింగ్‌లు చేసి పోలుస్తుంది: [5, 40, 100] సార్ట్ చేస్తే [100, 40, 5].

మూడు గీతల సమానత్వం 1999 డిసెంబర్ నాటి మూడో కూర్పులో ప్రమాణమైంది. అంతకు ముందు నెట్‌స్కేప్ జావాస్క్రిప్ట్ 1.2లో రెండు గీతలకే మార్పిడి తీసేసి చూసింది. ఎక్మా ప్రమాణానికి తగ్గట్టు 1.3లో మళ్లీ వెనక్కి పెట్టాల్సి వచ్చింది. వెబ్‌లో ఒకసారి బయటికి పోయిన నియమాన్ని వెనక్కి తీసుకోలేరు. పక్కన కొత్తది పెట్టగలరు, అంతే. మూడు గీతలు వాడండి అనే సలహా సరైనదే. ఒక్క చోట రెండు గీతలే నయం: విలువ == నల్ అని రాస్తే నల్, అన్‌డిఫైన్డ్ రెండూ దొరుకుతాయి, సున్నా, ఖాళీ స్ట్రింగ్ చిక్కవు. కోడ్‌లో తప్పులు వెతికే ఈఎస్‌లింట్‌లో ఈక్‌ఈక్‌ఈక్ నియమానికి "స్మార్ట్" అని పెడితే ఈ వాడుకని తప్పుపట్టకుండా వదిలేస్తుంది.

మూడు గీతలకి నాన్ తనతో తను సమానం కాదు. అందుకే అర్రేలో ఇండెక్స్‌ఆఫ్‌తో నాన్ వెతికితే -1. ఇన్‌క్లూడ్స్, మ్యాప్, సెట్ వాడేది సేమ్‌వాల్యూజీరో అనే ఇంకో ఆపరేషన్. దానికి నాన్ దొరుకుతుంది.

అడగకుండా జరిగే మార్పిడులు

ఆబ్జెక్ట్‌కి చదరపు బ్రాకెట్లలో ఇచ్చే ప్రతి పేరూ టుప్రాపర్టీకీ గుండా పోతుంది. సింబల్ తప్ప అన్నీ స్ట్రింగ్ అవుతాయి. 1, "1" ఒకే కీ. "01" వేరే కీ. ఆబ్జెక్ట్‌ని కీగా వాడితే అన్నీ ఆ ఒక్క "[ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్]" కీ మీదే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అక్కడ మ్యాప్ వాడాలి, అది కీని మార్చదు.

దశాంశాలు కొట్టేయడానికి | 0 రాసే అలవాటు కొంతమందికి ఉంది. బిట్ ఆపరేటర్లు నంబర్లకి టుఇంట్32 పిలుస్తాయి: దశాంశం తీసేసి, 32 బిట్లలోకి చుట్టేస్తుంది. మొత్తాన్ని పైసల్లో దాచుకునే ప్రోగ్రాంలో 2147483647 పైసలు, అంటే రూ. 2,14,74,836.47 దాకా బాగానే ఉంటుంది. ఇంకొక్క పైసా కలిపితే -2147483648. ఈ పనికి మ్యాథ్.ట్రంక్ ఉంది.

జావాస్క్రిప్ట్‌కి టైపు తనిఖీలు చేర్చే టైప్‌స్క్రిప్ట్ వాడితే ఇవన్నీ పోతాయా? కొన్ని. స్ట్రింగ్ నుంచి తీసివేత రాస్తే కంపైలర్ ఒప్పుకోదు, కానీ స్ట్రింగ్‌కి నంబర్ కలిపితే ఒప్పుకుంటుంది. టైప్‌స్క్రిప్ట్-ఈఎస్‌లింట్‌లోని రిస్ట్రిక్ట్-ప్లస్-ఆపరాండ్స్ నియమం ఆ ఖాళీ పూడుస్తుంది. సర్వర్ నుంచి వచ్చిన జేసన్‌కి మనం రాసిన టైపు ఒక మాట మాత్రమే. అక్కడ ధర నంబర్ అని రాసి ఉన్నా స్ట్రింగ్ వస్తే, నడిచే సమయంలో పైన చెప్పిన ఆపరేషన్లే పనిచేస్తాయి.

సొంత ఆబ్జెక్ట్‌కి సింబల్.టుప్రిమిటివ్ రాసేటప్పుడు మూడు సూచనలకీ విడివిడిగా జవాబు ఆలోచించాలి. డబ్బు ఆబ్జెక్ట్ అనుకుంటే "నంబర్"కి పైసల సంఖ్య, "స్ట్రింగ్"కి రూపాయి గుర్తుతో రాత. చిక్కు "డిఫాల్ట్" దగ్గరే. సంఖ్య ఇస్తే ప్లస్‌తో సందేశంలో అతికినప్పుడు పైసలు కనపడతాయి, రాత ఇస్తే రెండు మొత్తాల కూడిక అతుకు అవుతుంది. అక్కడ కావాలనే టైప్‌ఎర్రర్ ఇవ్వడం ఉత్తమం. డేట్‌కి బదులుగా రూపొందించిన టెంపోరల్ ఇంకా కఠినంగా ఉంది. దాని ఆబ్జెక్ట్‌ల వాల్యూఆఫ్ మెథడ్ ఎప్పుడు పిలిచినా టైప్‌ఎర్రరే, కాబట్టి రెండు తేదీల మధ్య < పెడితే తప్పు జవాబు రాదు, ప్రోగ్రాం అక్కడే ఆగుతుంది. పోల్చాలంటే కంపేర్ మెథడ్‌ని పేరుపెట్టి పిలవాలి.